గుమ్మడి పాదుకు మేత వేసిన నిత్యానందం

ఆకివీడు దగ్గర చేపల చెరువుల గట్ల మీద ఇరవై ఏడేళ్ళు బతికిన నిత్యానందానికి చేపల గురించి తెలియని సంగతంటూ ఉంటే అది చేపలకి కూడా తెలియదు. నీటి మీద లేచిన బుడగ చూసి కింద ఉన్నది బొచ్చో, శీలావతో, నిన్న మేత తిన్నదో లేదో, పెళ్ళాంతో గొడవపడి మూల నక్కిందో కూడా చెప్పేవాడని ఆ చెరువుల మీద పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇందులో సగం కోసి పారేసినా మిగిలిన సగం నిజమే. అలాంటి మనిషికి నేల మీద మొలిచిన మొక్కకి నోరెక్కడ ఉంటుందో తెలియకపోవడం వల్ల కామవరపుకోట పక్కన మెరక ఊరు ఒకటి ఏడాది పాటు పడీ పడీ నవ్వింది.

2006 వేసవిలో కొల్లేరులో సర్కారు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు నిత్యానందం మేత వేసే చెరువు కూడా పోయింది. చెరువుతో పాటు గట్టు పోయింది, గట్టు మీద పాక పోయింది. మిగిలింది ఆయన, భార్య రూతమ్మ, మేత గోతాల కట్ట. ముగ్గురూ బస్సెక్కి రూతమ్మ పుట్టింటికి వచ్చారు. గోతాలకి కూడా టిక్కెట్టు కొట్టాలని కండక్టరు పట్టుబట్టాడంటారు.

రూతమ్మ తల్లి పోతూ పోతూ కూతురికీ కొడుక్కీ కలిపి ఇంటి వెనక ముప్పై సెంట్ల ఎర్రనేల వదిలింది. కొడుకు ఇమ్మానుయేలు దాంట్లో ఏమీ వెయ్యలేదు, వేస్తానని మాత్రం పదేళ్ళుగా చెబుతున్నాడు. అక్కా బావా వచ్చేసరికి ఉన్నట్టుండి అతనికి ఆ నేల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. జామాయిల్ మొక్కలు నాటేస్తే నీళ్ళక్కర్లేదు, మనిషక్కర్లేదు, నాలుగేళ్ళకొకసారి నరుక్కోవడమేనని చెప్పడం మొదలుపెట్టాడు. మనిషక్కర్లేదు అన్నప్పుడల్లా బావగారి వైపు చూసేవాడు.

ఆ ఏడు నవంబరులో కోతల పండగ వచ్చింది. ఆ ఊరి చర్చిలో ఆ రోజు ఎవరి నేలలో పండింది వాళ్ళు తెచ్చి ముందున్న బల్ల మీద పెడతారు. అరటి గెలలు, నిమ్మకాయలు, వడ్ల బస్తాలు, చెరుకు గడలు. వట్టి చేతుల్తో వెళ్ళడానికి మనసొప్పక నిత్యానందం ఆకివీడు నుంచి తెప్పించిన ఎండు చేపల మూట పట్టుకెళ్ళి ఆ అరటి గెలల మధ్య పెట్టాడు. ఆ వాసనకి పాస్టరు గారి ప్రార్థన మూడుసార్లు ఆగింది. ఊళ్ళో పిల్లులన్నీ బాప్తిస్మం పుచ్చుకోవడానికి వచ్చినట్టు గుమ్మంలో బారులు తీరాయి. పాస్టరు గారు మంచివారు కాబట్టి సముద్రమూ నేలా రెండూ దేవుడివేనని సర్దేశారు గానీ, బయటికొచ్చాక ఇమ్మానుయేలు అందరూ వినేలా అడిగాడు.

"బావగారూ, మన ఎర్రనేలలో ఎండు చేపలు కాస్తన్నాయని నాకు ఒక్క ముక్క చెప్పొద్దాండి?"

ఆ నవ్వు ఏలూరు దాకా వినిపించిందంటారు. ఆ సాయంత్రమే ఇంట్లో పంచాయితీ అయింది. వచ్చే కోతల పండగకి ఆ నేలలో కాసింది ఏదైనా ఒక్కటి బల్ల మీద కనబడితే ఆ ముప్పై సెంట్లూ బావగారే చేసుకోవచ్చు. కనబడకపోతే మర్నాడే జామాయిల్, బావగారు తిరిగి ఆకివీడు వెళ్ళి చేపల లారీలకి ఐసు కొట్టుకోవచ్చు. నిత్యానందం తల వంచుకుని విన్నాడు. అందరూ వెళ్ళాక ఆయన సర్దుకుందామా అన్నట్టు గోతాల కట్ట వైపు చూస్తే రూతమ్మ ఒక్కటే మాట అంది.

"ఇరవై ఏడేళ్ళు నీళ్ళ మధ్య ఉన్నానండి. ఇప్పటికి మా అమ్మ నేల మీద కాలు పెట్టాను. ఇంక తియ్యను."

దాంతో ఆయన గోతాల కట్టని మళ్ళీ మూలకి నెట్టాడు. మరుసటి ఏడు ఎండలు తగ్గే రోజుల్లో ఆకివీడులో పాత సామాన్లేవో మిగిలితే తెచ్చుకుని, తాడేపల్లిగూడెం మీదుగా తిరిగొస్తూ ఈశ్వరరావు గారి విత్తనాల కొట్లోకి వెళ్ళాడు. గుమ్మడి గింజలు కావాలన్నాడు. ఏ రకం అని ఈశ్వరరావు గారు అడిగితే, తొందరగా బరువొచ్చే రకం అన్నాడు. అక్కడితో ఊరుకోకుండా సెంటుకి ఎన్ని పిల్లల్ని వదలాలండి అని అడిగాడు. కొట్లో ఉన్న రైతులు వెనక్కి తిరిగి చూశారు. ఈశ్వరరావు గారు మాత్రం నవ్వకుండా, మీది కొల్లేరు వైపా అని అడిగి, కుదురుకి నాలుగు గింజలు పెట్టమని చెప్పి పొట్లం కట్టిచ్చారు.

జూన్ వానకి గింజలు పెట్టాడు. వారానికల్లా రెండేసి దళసరి ఆకులతో మొలకలు లేచాయి. అప్పుడు మొదలైంది అసలు గొడవ.

చేపల చెరువులో మేత వెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. గోతానికి అడుగున చిల్లులు పొడిచి, తవుడూ వేరుశెనగ చెక్కా కలిపి నింపి, నీళ్ళలో పాతిన వెదురు గెడకి కడతారు. చేపలు వచ్చి ఆ గోతాన్ని మూతితో పొడుచుకుని తింటాయి. నిత్యానందం జన్మలో నేర్చిన చదువు ఇదొక్కటే. ఆయన ప్రతి కుదురు పక్కనా వెదురు గెడ పాతాడు, గెడకి చిల్లుల గోతం కట్టాడు, గాలికి గోతం ఊగినప్పుడల్లా తవుడు సరిగ్గా ఆకుల మీద రాలేలా సర్దాడు. ఎందుకంటే ఆకు వెడల్పుగా ఉంది, ఆకాశం వైపు తెరుచుకుని ఉంది. అది నోరు కాకపోతే ఇంకేమిటని ఆయన ఉద్దేశం. అంతటితో ఆగలేదు. కుదుళ్ళ చుట్టూ మోకాలెత్తు గట్లు కట్టి, ఊరి బోరు నుంచి కావిళ్ళతో నీళ్ళు తెచ్చి, ప్రతి కుదురునీ చిన్న చెరువు చేశాడు. ఆ నెలలో ఊరి బోరు రెండుసార్లు ఆయాసంతో ఆగిపోయింది.

మేత తినడానికి ఆకులు రాలేదు గానీ పక్కింటి సూరమ్మ కోళ్ళు వచ్చాయి. తవుడు తిని తిని నెల తిరక్కుండా అవి నెమళ్ళంత అయ్యాయి, నడవలేక దొర్లేవి. పాదులు మాత్రం పసుపెక్కి, మెడలు వాల్చి, ఒక్కొక్కటే పడిపోయాయి. జూలై ఆఖరుకి ఇరవై కుదుళ్ళలో ఒక్క పచ్చటి ఆకు లేదు. ఇమ్మానుయేలు పళ్ళు తోముకుంటూ వచ్చి గట్టు మీద నిలబడి, "పట్టుబడికి వల తెమ్మంటారాండి బావగారూ?" అని అడిగి, నర్సరీలో జామాయిల్ మొక్కలకి చెప్పేశాననే కబురు కూడా చల్లగా చెప్పి వెళ్ళాడు.

ఆ ఇమ్మానుయేలుకే ప్రసన్నకుమారి అనే కూతురుంది. ఆ ఊరి బడిలో విద్యా వాలంటీరుగా మూడో తరగతికి చెబుతోంది. తండ్రి నోరు తండ్రిదే, ఆ పిల్ల మనసు ఆ పిల్లదే. మర్నాడు మొక్కల పాఠం చెప్పడానికి వేరుతో సహా ఒక మొక్క కావాలని వచ్చి, చచ్చిన పాదు ఒకటి పీకింది. గోధుమ రంగు వేళ్ళు ఉడికిన సేమ్యాలా చేతికంటుకుని జారిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మొహం చిట్లించింది.

"మామయ్యా, దీన్ని ముంచి చంపారండి మీరు."

"నీళ్ళకి మొక్క చస్తాదా అమ్మాయ్? కొల్లేట్లో తూడు మెడలోతు నీళ్ళలో కాపురముంటాది. గుర్రపుడెక్కయితే తేలుతూ ఊళ్ళు తిరుగుతాది."

"అవి నీళ్ళలో పుట్టినవండి, వాటి కాడల్లో గాలి దాచుకునే గదులున్నాయి. దీనికి లేవు. మొక్కకి నోరు వేరండి. వేరు నీళ్ళు తాగుద్ది, ఆ నీళ్ళలో కరిగిన మట్టి సారం తాగుద్ది. గాలి కూడా పీల్చుకుంటాది. మట్టి పలుకుల సందుల్లో ఉండే గాలే దానికి ఊపిరి. ఆ సందులన్నీ మీరు నీళ్ళతో కప్పేశారు."

నిత్యానందం ఆ పాదు చేతిలోకి తీసుకున్నాడు. మబ్బు పట్టిన రోజుల్లో చెరువు ఆయన కళ్ళ ముందు కనబడింది. తెల్లారగట్ల చేపలన్నీ నీటి మీదకొచ్చి, మూతులు పైకెత్తి, గుటకలు వేస్తూ తిరగడం.

"గాలాడక చేప పైకొచ్చి నోరు తెరుస్తాది చూడు," అన్నాడు మెల్లగా. "అలాగా?"

"అచ్చం అలాగేనండి. దీనికి పైకి రావడానికి తోకలేదు, అంతే తేడా."

నోరు కింద ఉంటే మరి పైనున్న ఆకు సోమరిగా కూర్చుందా అని ఆయనకి అనుమానమొచ్చింది. ప్రసన్నకుమారి పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. ఆకు వంటిల్లు. వేరు తాగిన నీళ్ళు కాండంలో సన్నటి గొట్టాల గుండా పైకి వస్తాయి. ఆకు అడుగున కంటికి కనబడని చిల్లుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. పొయ్యి ఎండ. ఆ ఎండతో ఆకు పచ్చదనం నీళ్ళనీ గాలినీ కలిపి తీపి వండుతుంది, కాండంలోని వేరే గొట్టాలు ఆ వంటని వేళ్ళకీ పువ్వులకీ కాయలకీ మోసుకెళతాయి. వండేటప్పుడు మనం పీల్చే మంచి గాలి బయటికి వదులుతుంది. మామయ్య చేసిందల్లా వంటింటి మీద తవుడు పోసి పొయ్యి ఆర్పడం.

ఇది వినగానే నిత్యానందం లేచి నిలబడ్డాడు. చెరువులో నీళ్ళు పచ్చగా ఉంటే ఎండ రోజున చేపలు హుషారుగా ఉంటాయి, మబ్బు రోజున అదే పచ్చనీళ్ళలో ఊపిరాడక తేలతాయి. ఇరవై ఏడేళ్ళు చూశాడు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ పచ్చదనం కూడా ఆకు పనే చేస్తోందన్నమాట. ఎండ లేకపోతే వంటా లేదు, గాలీ లేదు. ఆ ముక్క ఆయన ఆ వారమంతా ఊళ్ళో కనబడినవాడికల్లా చెప్పాడు. కామవరపుకోట బస్సు ఆపి డ్రైవరుకి చెప్పాడు. సూరమ్మ కోళ్ళకి కూడా చెప్పాడని గిట్టనివాళ్ళు అంటారు.

పొట్లంలో ఇంకా పిడికెడు గింజలున్నాయి. ఆగస్టు మొదట్లో గట్లన్నీ కూలదోసి, నీళ్ళు నిలవకుండా మట్టి ఎత్తుచేసి, గోతాల్లో మిగిలిన చెక్కా పేడా కలిపి గోతిలో మాగబెట్టి, ఆ ఎరువు వేళ్ళ దగ్గర మట్టిలో కలిపాడు. మేత అదే, నోటి దగ్గర పెట్టాడు. ఈసారి పాదులు లేచిన తీరు చూసి ఊరు నోరు మూసుకుంది. పొద్దున గట్టు దగ్గరున్న తీగ కొస సాయంత్రానికి సూరమ్మ దడి ఎక్కేది. నులితీగలు స్ప్రింగుల్లా చుట్టుకుని దడిని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, దడి పడిపోయినా తీగ నిలబడే ఉంటుందని సూరమ్మ నిశ్చింతగా ఉంది. ఒక్కో ఆకు కింద పిల్లాణ్ణి కూర్చోబెట్టొచ్చు. ఇమ్మానుయేలు పళ్ళు తోముకోవడానికి వేరే దారి చూసుకున్నాడు.

సెప్టెంబరులో పూలు వచ్చాయి. పొడుగాటి కాడల మీద పసుపుపచ్చటి పూలు, పొద్దున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకునేవి. కాయ మాత్రం ఒక్కటీ రాలేదు. సూరమ్మ వచ్చి చూసి, అవన్నీ గొడ్డుపూలని, ఉన్న బలమంతా అవే తినేస్తున్నాయని, ఎప్పటికప్పుడు తుంచేస్తే కాయలు దిగుతాయని సలహా చెప్పింది. రూతమ్మ సాటి ఆడమనిషి మాట నమ్మి, పొద్దున్నే చీకటుండగానే లేచి, పదిహేను రోజులు ఒక్క పువ్వు మిగలకుండా తుంచింది. ఈలోగా బుల్లి కాయని మోస్తూ వేరే మొగ్గలు వచ్చాయి. వాటిని చూసి ఆలుమగలిద్దరూ మురిసిపోయారు. ఆ పూలు విచ్చుకున్నాయి, మూడో రోజుకి కింద ఉన్న బుల్లి కాయ పసుపెక్కింది, నాలుగో రోజుకి రాలింది. ఒకటి, రెండు, ఏడు, పది. అన్నీ అలాగే.

అక్టోబరు వచ్చింది. పువ్వు నిలిచిన రోజు నుంచి కాయ ముదరడానికి నలభై అయిదు రోజులు కావాలి. కోతల పండగ యాభై రోజుల్లో ఉంది. రూతమ్మ ఏడవలేదు గానీ, రాలిన పిందెలన్నీ చీర కొంగులో పోసుకుని గుమ్మంలో కూర్చుంది.

నిత్యానందం ఆవిడ పక్కన చతికిలబడి ఒక పిందె తీసుకున్నాడు. వాడిన పువ్వు విప్పి లోపల చూశాడు. మధ్యలో జిగటగా ఉన్న చిన్న బుడిపె. రూతమ్మ ఆ పొద్దున తుంచిన పువ్వు ఇంకొకటి పక్కనే ఉంటే దాన్నీ విప్పాడు. దాని కింద పిందె లేదు, లోపల బుడిపె లేదు, ఒక పుల్ల ఉంది. ముట్టుకుంటే వేలికి పసుపు పొడి అంటుకుంది. ఆ వేలు కంటి దగ్గరగా తెచ్చుకుని చూశాడు.

పెళ్ళికి ముందు ఆయన కైకలూరు వైపు చేపపిల్లల హేచరీలో రెండేళ్ళు పనిచేశాడు. అక్కడ ఆడచేప పొట్ట నొక్కి గుడ్లు పళ్ళెంలోకి తీస్తారు. మగచేప పాలు వాటి మీద పిండి, కోడి ఈకతో మెల్లగా కలుపుతారు. ఆ పాలు తగలని గుడ్లు తెల్లబడి పాడైపోతాయి. సరిగ్గా ఈ పిందెల్లాగే.

"రూతూ," అన్నాడు, "చెరువులో మగచేపలన్నిటినీ ఏరి అవతల పారేశాం. ఆడచేప పిల్లల్ని పెట్టలేదని కూర్చుని ఏడుస్తున్నాం."

ప్రసన్నకుమారిని పిలిచి అడిగితే ఆ పిల్ల పెద్దగా నవ్వి, మా మూడో తరగతిలో కూడా ఇంత బాగా చెప్పినవాడు లేడండి అంది. ఆ పసుపు పొడి పుప్పొడి. మామూలుగా తేనెటీగలు దాన్ని మగపువ్వు నుంచి ఆడపువ్వుకి మోసుకెళతాయి, అప్పుడే పిందె కాయవుతుంది, లోపల గింజ కడుతుంది. ఈగలు రాకపోతే మనిషి చెయ్యొచ్చు, కానీ పువ్వు ఒక్క పొద్దే తెరుచుకుని ఉంటుంది, ఆ పొద్దు దాటితే అంతే.

పూలు తుంచడం ఆపేశారు. మూడో రోజు పొద్దున ఆడపూలు మూడు విచ్చుకోబోతున్నాయని ముందు సాయంత్రమే మొగ్గ చూసి నిత్యానందం పసిగట్టాడు. తీరా తెల్లారేసరికి సన్నటి చినుకు. ఆ చినుకుకి ఒక్క తేనెటీగ గడప దాటలేదు. ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, సూరమ్మ కోడి రాల్చిన ఈక కడిగి ఆరబెట్టింది పట్టుకుని పాదులోకి దిగాడు. తవుడు తిన్న కోళ్ళు అలా బాకీ తీర్చుకున్నాయి. పుప్పొడి తడిసిపోకుండా రూతమ్మ పువ్వు మీద గొడుగు పట్టింది, తను తడుస్తూ. మగపువ్వు పుప్పొడి ఈకకి అద్ది, ఆడపువ్వు బుడిపె మీద హేచరీలో పళ్ళెం కలిపినంత నెమ్మదిగా రాశాడు. ఒకటి, రెండు, మూడు. దడి అవతల సగం ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. ఇమ్మానుయేలు కూడా ఉన్నాడు. ఆ పొద్దున అతను నోట్లో వేపపుల్ల తియ్యడం కూడా మర్చిపోయాడు.

నాలుగో రోజుకి ఒక పిందె పసుపెక్కి రాలింది. వారానికి ఇంకో దాన్ని పురుగు తొలిచింది. మూడోది నిలిచింది. నిలవడమంటే మామూలుగా నిలవలేదు. చుట్టూ ఉన్న వంటిళ్ళన్నీ దానికొక్కదానికే వండి పెడుతున్నట్టు నిమ్మకాయంత, కొబ్బరికాయంత, బిందంత అయింది. నిత్యానందం దాని కింద గడ్డి పరిచాడు, పైన ఎండ తగిలే ఆకుని ఒక్కటీ తియ్యనివ్వలేదు. పక్కనే కూర్చుని దాంతో కబుర్లు చెప్పేవాడు. నవంబరు నడిమికి ఆ కాయ ఎదుగుతున్న చప్పుడు వినబడుతోందని సూరమ్మ ప్రమాణం చేసింది.

కోతల పండగ ఆదివారం పొద్దున తొడిమ ఎండి, గోరు గుచ్చితే దిగకుండా ఉంటే కోశాడు. కోసి, చేపల ట్రేలో పెట్టి, పాత అలవాటు కొద్దీ పైన తడి గోనె కప్పి, నెత్తిన పెట్టుకుని చర్చికి నడిచాడు. దారి పొడుగునా ఆగి ఆగి నీళ్ళు చిలకరించాడు. ట్రే దించడానికి నలుగురు పట్టారు, బల్ల ఒక పక్కకి ఒరిగితే కాలి కింద పాటల పుస్తకం పెట్టారు. పాస్టరు గారు ట్రే వైపు భయంగా చూసి, గోనె తీశాక కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పారు. పిల్లులొక్కటే నిరాశగా వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నం చర్చి వెనక అందరికీ భోజనాలు. కాయని అక్కడే కోశారు. సూరమ్మ కత్తిపీట మీద కూర్చుంటే ఇద్దరు కాయని పట్టుకున్నారు. లోపల నారింజ రంగు కండ, దాని మధ్య పీచులో తెల్లటి గింజలు బారులు బారులుగా. ప్రసన్నకుమారి తన బడి పిల్లల్ని కేకేసి, ఒక్కో గింజలో ఒక బుల్లి మొక్కా, అది వేరు తన్నేదాకా తినడానికి సద్దిమూటా రెండూ ఉంటాయని ఒకదాన్ని చీల్చి చూపించింది. నిత్యానందం గింజలన్నీ కడిగి నీడలో పరిచాడు. రూతమ్మ వాటిని చూస్తూ, వచ్చే ఏడు తన తల్లి నేలలో ఏ మూల ఏది వెయ్యాలో వేలితో గాలిలో గీస్తూ చెబుతోంది.

అప్పుడు ఇమ్మానుయేలు వచ్చాడు. కాసేపు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. నర్సరీవాడికి జామాయిల్ వద్దని కబురు పెట్టేశానని నేల వైపు చూస్తూ అక్కతో చెప్పాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు.

"నాక్కూడా ఓ నాలుగు గింజలు పెట్టండి బావగారూ. మా దొడ్లో వేసుకుంటాను."

నిత్యానందం తువ్వాల్లో పిడికెడు పోశాడు. పోసి, సూరమ్మ ఇంటి వైపు తల ఊపాడు.

"గింజలదేముంది బావమరిదీ. ముందెళ్ళి ఓ మంచి కోడి ఈక సంపాదించు."